నీళ్ళ గీత: మూసీ ఒడ్డు ఆకుకూరల బస్తీలో ఐదేళ్ళ రంగుల పని

2021 ఆగస్టులో ఒక పొద్దున పాలకూర మడిలో నీలిరంగు పెచ్చులు కనిపించాయి. గోరంత ముక్కలు. కొన్ని ఆకుల మీద అంటుకుని, కొన్ని తడిమట్టిలో దిగబడి ఉన్నాయి. మడిని ఆనుకుని ఉన్న గోడమీద మార్చిలో మేం వేసిన పెద్ద చేప బొమ్మ నుంచి రాలినవి అవి. ఆ మడి సాగుచేసే ఆమె ఒక్కో కట్టా విప్పి, ఆకు తిప్పి చూసి, పెచ్చులు ఏరుతోంది. నన్ను చూసి తల కూడా ఎత్తలేదు.

"గిది కట్టల పోతే ఎవలు కొంటరక్కా?" అంది.

కోపంగా అనలేదు. ఆ రోజు ఆమె మార్కెట్‌కి వెళ్ళలేదు. గోడ పక్క వరస మొత్తం పీకి గేదెలకు కూడా వెయ్యకుండా గట్టు మీద పారేసింది. ఆ వరసకు అయ్యే డబ్బులు మేం ఇచ్చాం. కానీ ఆ పొద్దుటితో మా పని తీరే మారిపోయింది. అందుకే ఈ అనుభవం అక్కడి నుంచి చెప్తున్నాను.

బస్తీ గురించి

హైదరాబాద్‌లో అంబర్‌పేట దాటాక, ఉప్పల్, నాగోల్ వైపు మూసీ వెంట నడిస్తే రెండు పక్కలా పచ్చగా ఉంటుంది. పశువుల గడ్డి, పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర, పుదీన, కొత్తిమీర. మధ్య మధ్య అరటి, కొబ్బరి. నగరం మురుగు చాలావరకు ఈ నదిలోకే వస్తుంది. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది, అయినా నీళ్ళ వాసన, నురగ తెలుస్తూనే ఉంటాయి. కానీ ఆ నీరు ఏడాదంతా ఎండదు. అందుకే ఈ సాగు ఉంది. వాన కోసం చూడకుండా పండే పంట ఇది.

మేం పని చేసిన చోట నలభై పైచిలుకు ఇళ్ళు. పేరు రాయను, ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది. ఎక్కువమంది పాలమూరు, నల్లగొండ వైపు నుంచి ఇరవై ముప్ఫై ఏళ్ళ క్రితం వచ్చినవాళ్ళు. కొన్ని ముస్లిం కుటుంబాలు పాతబస్తీ నుంచి వచ్చాయి, వాళ్ళకి గేదెలున్నాయి. భూమి కొంత కౌలుది, కొంత నది పక్కది. ఇళ్ళకు పట్టాలు లేవు. 2014 డిసెంబర్‌లో వచ్చిన జీవో 58 ప్రకారం ప్రభుత్వ స్థలాల్లో 125 గజాల దాకా ఉచితంగా క్రమబద్ధీకరణ జరిగింది కానీ, నది, చెరువు పరిధిలో ఉన్న స్థలాలు అందులోకి రావు. సగం ఇళ్ళు ఇటుక గోడ, పైన రేకు. మిగతావి మట్టి, తడక, టార్పాలిన్.

2020 అక్టోబర్ 13 రాత్రి ఇక్కడ ఎవ్వరూ మర్చిపోలేదు. ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన పడింది. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. బస్తీలో నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. మోటార్లు పోయాయి, మేకలు పోయాయి, మడులన్నీ బురద కింద పడ్డాయి. నాలుగు నెలల తర్వాత మేం వెళ్ళాం. మేం అంటే ముగ్గురం. ఫైన్ ఆర్ట్స్ చదివి, పిల్లలతో, బస్తీల్లో బొమ్మల పని చేసే వాళ్ళం. వరద తర్వాత గోడలు నల్లగా చారలు పడి ఉన్నాయని, రంగులు వేస్తే జనానికి కాస్త ఊరటగా ఉంటుందని అనుకున్నాం.

మా మనసులో ఉన్న నమూనా వేరు. 2016లో ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఆధ్వర్యంలో దేశ విదేశాల చిత్రకారులు గల్లీల నిండా పెద్ద పెద్ద బొమ్మలు వేశారు. చెన్నైలో కన్నగి నగర్ పునరావాస కాలనీలో కూడా 2020లో ఇలాంటి పని జరిగింది. మక్తా గల్లీల్లో నేను చాలాసార్లు తిరిగాను. ఆ గోడల ముందు నిలబడితే గుండె నిండుతుంది. ఆ ఊపులోనే మూసీ ఒడ్డుకి వచ్చాం. అవి సిమెంటు ప్లాస్టరింగ్ చేసిన పక్కా గోడలని, ఇవి పునాది నుంచి తడి పీల్చే గోడలని మాత్రం ఆలోచించలేదు.

మొదటి ఏడాది ఎక్కడ తప్పాం

"ఏం బొమ్మ వేద్దాం?" అని అడిగాం. "మీకు ఎరుక గద, మీరే ఎయ్యుండ్రి" అన్నారు. అదే అనుమతి అనుకున్నాం. ఇంటికొచ్చిన చుట్టాన్ని కాదనలేక అన్న మాట అది. అది అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

సాయంత్రం అయిదింటికి పిల్లలకి, ఆడవాళ్ళకి వర్క్‌షాప్ పెట్టాం. పిల్లలు వచ్చారు, ఆడవాళ్ళు రాలేదు. సాయంత్రం మడులకు నీళ్ళు పెట్టే వేళ. తెల్లవారుజామున మూడింటికి లేచి కట్టలు మార్కెట్‌కి తీసుకెళ్ళే మనిషి రాత్రి ఎనిమిదికి పడుకోవాలి. వాళ్ళకి ఖాళీ దొరికేది మధ్యాహ్నం పదకొండు నుంచి రెండు దాకా. అప్పుడు కూడా చేతులు ఖాళీగా ఉండవు, చింతచెట్టు కింద కూర్చుని మర్నాటి కట్టలు కడుతుంటారు. రెండో ఏడాది నుంచి మా పనంతా ఆ చెట్టు కిందికి మారింది. వాళ్ళు కట్టలు కడుతుంటే మేమూ కట్టాం. అరటినార తడిపి, రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపడం. నా కట్టలు మొదట్లో జారిపోయేవి. చేతులు పనిలో ఉన్నప్పుడే మాటలు వచ్చాయి. బొమ్మల సంగతి అడగకుండానే వచ్చింది.

ఇక రంగు సంగతి. గోడకి ప్రైమర్ కొట్టి ప్లాస్టిక్ ఎమల్షన్ వేశాం. పై వరసల్లో ఎవరో ఇచ్చిన పాత ఎనామిల్ డబ్బాలు వాడాం, వాటి మీద లేబుల్ కూడా లేదు. జూన్‌లో వానలు మొదలయ్యాయి. గోడ కింది నుంచి తడి పైకి ఎక్కింది. రంగు పొర ఆ తడిని బయటికి పోనివ్వలేదు. వెనక ఉప్పు తెల్లగా పేరుకుంది, పొర ఉబ్బింది, పగిలింది, రాలింది. రాలింది ఎక్కడ? జనం తినే ఆకుకూరలో.

ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని 2017 నవంబర్ 1 నుంచి దేశంలో నిబంధన అమల్లో ఉంది. అది ఇళ్ళ రంగులకే, పరిశ్రమల్లో వాడే రంగులకు కాదు. లేబుల్ లేని పాత డబ్బాలో ఏముందో చూసి చెప్పలేం. మూసీ నీళ్ళతో పండే ఆకుకూరల్లో సీసం, కాడ్మియం గురించి ఏళ్ళ తరబడి పరిశోధనలు జరిగాయి, పేపర్లలో వచ్చాయి. ఆ వార్త వచ్చిన ప్రతిసారీ మార్కెట్‌లో వీళ్ళ కట్టల ధర పడుతుంది. అప్పటికే ఆ అపవాదు మోస్తున్న మడి మీదికి మా చేతులతో మేమే రంగు రాల్చాం. దీన్ని చిన్న విషయంగా తీసుకోవడం నాకు చేతకాలేదు. సెప్టెంబర్‌లో ఆ గోడ మొత్తం తడిబట్ట పరిచి, పొడి రేగకుండా గీకి, పెచ్చులన్నీ సంచుల్లోకి ఎత్తాం. మూడు రోజులు పట్టింది.

ఇంకో నష్టం కూడా జరిగింది. చేప బొమ్మ బాగా కుదిరింది, ఫోటోలు తిరిగాయి. ఆదివారం పూట కెమెరాలు, ఫోన్లు పట్టుకుని కుర్రాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఆ గోడ వెనకే తడక కట్టుకున్న స్నానాల చోటు ఉంది. ఆడవాళ్ళు ఆదివారం చీకటితోనే స్నానాలు కానిచ్చుకోవాల్సి వచ్చిందని మాకు నెల తర్వాత తెలిసింది. బస్తీ పేరు ఇక్కడ రాయకపోవడానికి ఇది ఒక కారణం.

సున్నం

దారి చూపించింది ఒక అవ్వ. వయసు ఆమెకే సరిగా తెలియదు, నిజాం కాలంలో పుట్టానంటుంది. గోడ గీకుతుంటే వచ్చి నిలబడి, "సున్నం ఎయ్యకపోతిరి బిడ్డా, సున్నమైతే గోడ ఊపిరి తీసుకుంటది" అంది.

సున్నం గోడకి పొరలా అంటుకోదు, గోడలోకి ఇంకుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. తడి లోపలికి వస్తుంది, బయటికి పోతుంది. పాతబడితే పెచ్చులుగా రాలదు, పొడిగా చేతికి అంటుతుంది. ఆ పొడి మడిలో పడినా భయం లేదు. చెట్ల మొదళ్ళకు సున్నం, జాజు (ఎర్రమట్టి రంగు) పట్టీలు వేసే చేతులే కదా ఇవన్నీ. ఆరేళ్ళు ఫైన్ ఆర్ట్స్ చదివిన నాకు ఇది పుస్తకంలో తెలుసు. గోడ ముందు నిలబడినప్పుడు గుర్తు రాలేదు.

2022 సంక్రాంతి ముందు మొదటి డ్రమ్ము పెట్టాం. రాళ్ళసున్నం, నీళ్ళు. రాళ్ళ మీద నీళ్ళు పడగానే బుసబుసమని పొంగి, డ్రమ్ము పట్టుకోలేనంత వేడెక్కుతుంది. చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందుకని పిల్లల్ని ఆ రోజు దగ్గరికి రానివ్వలేదు, కలిపేవాళ్ళకి కళ్ళద్దాలు, చేతులకు గ్లౌజులు. రెండు రోజులు నానాక పాత చీరతో వడకట్టి, నానబెట్టిన తుమ్మబంక, గుప్పెడు ఉప్పు వేశాం. మొదటి పూత నీళ్ళలా పల్చగా ఉండాలి. వేసేటప్పుడు ఏమీ కనిపించదు, ఆరాక తెల్లబడుతుంది. ఇది తెలియనివాళ్ళు చిక్కగా కొట్టేస్తారు, అది పగిలిపోతుంది. రెండో పూత వేసే ముందు గోడ తడపాలి.

రంగుల కోసం రెడ్ ఆక్సైడ్, ఎల్లో ఆక్సైడ్ పొడులు, బట్టలకు పెట్టే నీలిమందు, దీపం మసి. మాకు దొరికినవాటిలో సున్నం ఘాటుకి తట్టుకునేవి ఇవే. ఆకుపచ్చ కోసం తోటకూర, గోంగూర రసాలు తీసి చూశాం, రెండు రోజుల్లో గోధుమరంగైంది. చివరికి నీలిమందు, ఎల్లో ఆక్సైడ్ కలిపితే వచ్చిన మందమైన పచ్చతోనే సరిపెట్టుకున్నాం.

ఒక మధ్యాహ్నం సంగతి చెప్పాలి. పిల్లలు బంతిపూలు గీస్తామని పసుపు తెచ్చుకున్నారు. ఎనిమిదేళ్ళ పిల్ల తడి సున్నం మీద పసుపు వేలితో పువ్వు దిద్దింది. దిద్దుతుండగానే పువ్వు ఎర్రగా మారింది. ఆ పిల్ల వేలు చూసుకుంది, తెగిందేమో అనుకుని ఏడుపు మొహం పెట్టింది. అవ్వ ఆ వేలు పట్టుకుని, "సున్నంల పసుపు వడితె పారాణే గద బిడ్డా, పెండ్లిపిల్ల కాళ్ళకు పెడ్తరు సూడు" అంటూ ఆ ఎరుపుతోనే పిల్ల అరికాళ్ళకి గీత గీసింది. మిగతా పిల్లలంతా కాళ్ళు చాపారు. వారం ఎండకి గోడమీద పువ్వు వెలిసిపోయింది. కానీ ఆ తర్వాత పిల్లలు రంగుల్ని చూసే తీరు మారింది. ఏది దేంతో కలిస్తే ఏమవుతుందో అడగడం, చిన్న మట్టి ముంతల్లో కలిపి చూడడం మొదలుపెట్టారు. రంగుల సిద్ధాంతం మీద నేను చెప్పిన ఏ పాఠం కూడా అంత పని చెయ్యలేదు.

గేదెలున్న ఇళ్ళలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు పెళ్ళిళ్ళకి మెహందీ పెడతారు. చిక్కటి సున్నపు ముద్దని ప్లాస్టిక్ కోన్‌లో నింపి, గ్లౌజులు వేసుకుని, జాజు పూసిన గోడమీద మెహందీ డిజైన్ పోసినట్టు గీశారు. ఆరాక తెల్లని గీత ఉబ్బెత్తుగా నిలబడింది. మా ముగ్గురిలో ఎవరికీ ఈ ఆలోచన రాలేదు. ముగ్గు వేసేవాళ్ళు చూసి, చుక్కలు పెట్టి తమ ముగ్గుల్ని ఇదే పద్ధతిలో గోడకి ఎక్కించారు. ఒకే గోడమీద మెహందీ తీగ వచ్చి మెలిక ముగ్గులో కలిసిన చోటు ఒకటి ఉంది. ఐదేళ్ళలో అక్కడ చూసిన బొమ్మల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే.

గల్లీల పేర్లు

ఈ భాగం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది తేలిగ్గా జరిగిపోయింది. బస్తీలో ఇంటి నంబర్లు లేవు. గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి మెయిన్ రోడ్డు మీద ఆగి ఫోన్ చేస్తాడు. ఒక కాన్పు రాత్రి 108కి దారి చెప్పడానికి అరగంట పట్టిందట. చెట్టు కింద ఈ మాట వచ్చినప్పుడు ఒకామె, "మా గల్లీ పుదీన గల్లీ అని చెప్తె చాలు, వాసనే పట్టుకొస్తది" అంది. అక్కడి నుంచి గల్లీ మొదట్లో ఉన్న గోడమీద ఆ గల్లీలో ఎక్కువగా పండే ఆకు వేశాం. పుదీన, గోంగూర, చుక్క, అరటి, గడ్డి. చదువు రానివాళ్ళకీ గుర్తు, చదువొచ్చినవాళ్ళకి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషులో పేరు. ఇప్పుడు ఫోన్లో దారి చెప్పేటప్పుడు ఆ పేర్లే వాడుతున్నారు. పిల్లలు స్కూల్లో కూడా "మేం గోంగూర గల్లీ" అంటున్నారని టీచర్ చెప్పారు.

గీత మీద గొడవ

అసలు ఈ పనిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వరద గీత.

2022 మార్చిలో పిల్లల్ని ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరికి తీసుకెళ్ళాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ వరదలో పదిహేను వేలమంది పోయారంటారు. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో పైన జలాశయాలు కట్టారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. పిల్లలు చెట్టు చుట్టూ తిరిగి ఎంతెత్తు దాకా నీళ్ళొచ్చి ఉంటాయని అడిగారు. తిరిగొచ్చే దారిలో ఒక పిల్లవాడు, "మన ఇంట్ల కూడ గీత గీద్దాం అక్కా, మా నాయన ఛాతీ దాక వచ్చింది" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రతి ఇంటి గోడమీదా 2020 నీళ్ళ ఎత్తులో ఒకే నీలి గీత. దూరం నుంచి చూస్తే బస్తీ మొత్తం మీద నది నిలబడినట్టు కనిపిస్తుంది. కాగితం మీద గీసి చెట్టు కిందికి తీసుకెళ్ళాను.

ముందు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దమనిషి, కౌలు లెక్కలన్నీ చూసే ఆయన, మెల్లగా అన్నాడు. "అక్కా, గీత గీసి మనమే సర్కారుకు చూపిస్తమా, మా ఇల్లు ఏట్ల ఉందని?"

ఆయన మాట నిజం. పట్టా లేని ఇంటి గోడమీద నీళ్ళ గీత సాక్ష్యం అవుతుంది. ఎవరైనా వచ్చి ఫోటో తీసుకుంటే, ఈ ఇళ్ళు నదిలో ఉన్నాయని వీళ్ళే ఒప్పుకున్నారని అనొచ్చు. బొమ్మ గీసే మనకు అది అందమైన ఆలోచన. ఆ ఇంట్లో పడుకునేవాళ్ళకి అది ఇల్లు పోయే సంగతి. కానీ ఇంకొకామె ఎదురు మాట్లాడింది. ఆ రాత్రి నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాక కదలాలో తెలియక ఆగిపోయి రెండు మేకల్ని పోగొట్టుకున్న మనిషి ఆమె. "గీత ఉంటె పోరగాండ్లకు తెలుస్తది. దాచిపెడితె ఏరు రాకుంట ఉంటదా?" అంది.

ఈ చర్చ మూడు మధ్యాహ్నాలు నడిచింది. నేను నోరు మూసుకుని కట్టలు కట్టాను, అది నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. చివరికి వాళ్ళే తేల్చారు. బయటి గోడమీద గీత వద్దు. ఎవరికి ఇష్టమైతే వాళ్ళు ఇంట్లో, పొయ్యి దగ్గర గోడకి గీసుకుంటారు. బయట అందరికీ కనపడాల్సింది గతంలో వచ్చిన నీళ్ళ ఎత్తు కాదు, ఎప్పుడు కదలాలన్న గుర్తు. అది ఇంటి మీద ఉండాల్సిన పని లేదు. కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దగ్గర మోటార్ల షెడ్డు గోడకి ఉండాలి, ఎందుకంటే ముందు మునిగేది అదే.

ఆ షెడ్డు పని మగవాళ్ళు చేశారు. అప్పటిదాకా మా వైపు పెద్దగా రాని వాళ్ళు నీళ్ళ మట్టం గురించి గంటలు గంటలు మాట్లాడారు. మూడు పట్టీలు. కింద పచ్చ పట్టీ, అక్కడికి నీళ్ళొస్తే మోటార్లు విప్పి పైకి చేర్చాలి. మధ్యలో పసుపు, పశువుల్ని, మేకల్ని రోడ్డెక్కించాలి. పైన నీలం, మనుషులు కదలాలి. పట్టీల మధ్య చేపలు, పీతలు, కొంగలు పిల్లలు వేశారు. పచ్చ పట్టీలో మోటారు బొమ్మ, పసుపులో మేక, నీలంలో పిల్లని భుజానెత్తుకున్న మనిషి. సున్నం నీళ్ళలో నానితే నిలవదని అవ్వ ముందే చెప్పింది. అందుకే పట్టీల అంచుల్ని సిమెంటు మీద ఉలితో గాడి కొట్టి, గాడిలో రంగు నింపారు. రంగు పోయినా గాడి ఉంటుంది.

అదే ఏడాది జూలై ఆఖర్లో రెండు జలాశయాల గేట్లూ ఎత్తారు, మూసారాంబాగ్ వంతెన మునిగింది. మా దగ్గర నీళ్ళు పచ్చ పట్టీ దాటి పసుపు దాకా రాలేదు. మోటార్లన్నీ అప్పటికే గట్టు మీద ఉన్నాయి.

ఎరుపు

2024 సెప్టెంబర్ ఆఖర్లో నది అభివృద్ధి ప్రాజెక్టు సర్వేలో భాగంగా చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ వైపు మూసీ వెంట ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే ఆ ఇల్లు నదీగర్భంలో ఉందన్న గుర్తు, రాశారు. కొన్ని ఇళ్ళు కూల్చారు, కొందరిని డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ళకి మార్చారు. మా బస్తీ దాకా ఆ రాత రాలేదు. కానీ టీవీల్లో చూసిన ఆ అక్షరాలు ప్రతి ఇంట్లోకీ వచ్చాయి. రాత్రులు ఎవరికీ నిద్ర లేదు, అంత టెన్షన్.

ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి సున్నం డ్రమ్ము పెట్టాం కానీ జాజు ఎవరూ ముట్టలేదు. ప్రతి ఏడాదీ గోడ కింది భాగానికి జాజు పట్టీ వేసే ఇళ్ళు కూడా వెయ్యలేదు. "ఎర్రది వద్దక్కా ఈసారి" అన్నారంతే. బ్రష్షు పట్టుకుని రంగు గురించి పాఠాలు చెప్పిన నాకు, ఒక రంగుని ఒక బస్తీ మొత్తం ఇలా పక్కన పెట్టగలదని అంతకు ముందు తెలియదు. జాజు ముంత మూత పెట్టి షెడ్డులో ఉంచాం. ఆ ఏడాది గోడలన్నీ తెలుపు, నీలం. ఫోటోలు తియ్యలేదు.

ఇలాంటి చోట పని చేసేవాళ్ళు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. బొమ్మలు వేస్తే ఇళ్ళు నిలబడతాయా, లేక అందరి కళ్ళూ పడి పోతాయా? రెండు వైపులా నిజం ఉంది. కానీ దానికి జవాబు చెప్పాల్సింది మనం కాదు. చెట్టు కింద మూడు మధ్యాహ్నాలు తేల్చుకున్నవాళ్ళు. వాళ్ళు వద్దన్న గీతను వద్దనుకోగలిగే మనసు లేకపోతే బ్రష్షు తీసుకెళ్ళకూడదని నా గట్టి నమ్మకం. ఇంకో మాట. ఏటేటా వెలిసిపోయి, ఏటేటా మళ్ళీ వేసుకోవాల్సిన సున్నం లాంటి పని ఇక్కడికి సరిపోయింది. పదేళ్ళు నిలిచే బొమ్మ వేసి వెళ్ళిపోతే పదేళ్ళూ అది మాదే. సంక్రాంతికి చెరిపి మళ్ళీ వేసుకునేది వాళ్ళది. మా చేప ఉన్న గోడని ఇప్పుడు చూస్తే చేప జాడ లేదు. అవ్వ నాలుగు పూతల సున్నం వేసి పైన చుక్కల ముగ్గు పెట్టించింది. ఆదివారం కెమెరాలు కూడా ఆగిపోయాయి.

పని చెయ్యనివి కూడా చెప్పాలి. పగిలిన పింగాణీ ముక్కలతో అరుగు కట్టాం, అంచులు గీసుకుని పిల్లలకు దెబ్బలు తగిలితే మూడో నెలలో పగలగొట్టేశాం. మడుల్లో దిష్టిబొమ్మల పోటీ ఒక ఏడాది బాగా జరిగింది, మరుసటి ఏడాది ఎవరికీ ఓపిక లేదు. కొత్తిమీర ధర బాగున్న ఏడాది అది, ఎవరికి తీరిక?

2025 బతుకమ్మ

గట్ల మీద బంతి, గునుగు పెంచడం 2023లో ఆడవాళ్ళే మొదలుపెట్టారు. గునుగు ఎలాగూ కలుపులా మొలుస్తుంది, దాన్ని పీకకుండా వదిలేశారు. బతుకమ్మ రోజుల్లో కొంత అమ్ముకుని, మిగతాది పేర్చుకుంటారు. బతుకమ్మని మూసీలో వెయ్యరు, ఆ నీళ్ళలో గౌరమ్మని వెయ్యడానికి మనసొప్పదు. మడుల మధ్య తవ్వుకున్న గుంటలో బోరు నీళ్ళు నింపి వేస్తారు.

2025 సెప్టెంబర్ ఆఖరి వారంలో, బతుకమ్మ ఆడుతున్న రోజుల్లోనే, మూసీ మళ్ళీ పొంగింది. ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళు వచ్చిన రాత్రి అది. నేను నగరంలో లేను. బస్తీ నుంచి పదింటికి ఫోన్ వచ్చింది. పచ్చ దాటింది, మోటార్లు పైకెక్కించాం. పదకొండున్నరకి ఇంకోటి. పసుపు మునిగింది, గేదెలు, మేకలు రోడ్డు మీద ఉన్నాయి, మేమూ కదులుతున్నం. నీలం మునిగిందో లేదో చీకట్లో ఎవరూ చూడలేదు. చూడడానికి అక్కడ ఎవరూ లేరు.

మూడు రోజులకి వెళ్ళాను. గట్ల మీద బంతి ఒక్కటి కూడా లేదు. మడులన్నీ బురద. షెడ్డు గోడమీద రంగు మొత్తం కొట్టుకుపోయి, గాడులు మాత్రం బురద నిండి నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. చేపలు లేవు. మనుషులందరూ ఉన్నారు, మేకలూ ఉన్నాయి. ఆడవాళ్ళు ఎక్కడి నుంచో తంగేడు, గునుగు తెచ్చి చిన్న బతుకమ్మ పేర్చారు.

అవ్వ ఇంట్లో పొయ్యి దగ్గర గోడకి 2020 గీత ఉంది. దానికి బెత్తెడు కింద, బురద చార ఇంకా తడిగా ఉండగానే, పారాణి పెట్టించుకున్న ఆ పిల్ల, ఇప్పుడు పెద్దదైంది, కొత్త గీత గీస్తోంది. సున్నం కాదు, అది ఇంకా దొరకలేదు. షెడ్డులో మిగిలిన ముంత మూత తీసి, జాజుతో గీస్తోంది.